పెళ్ళికొడుకుల ఫొటోలకు కావలి

ఆ ఆఫీసులో చక్రాల కుర్చీ ఉన్నవాడు పర్మనెంటు, ప్లాస్టిక్ స్టూలు ఉన్నవాడు ప్రొబేషను. ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు. ఎవరూ నోటితో చెప్పరు కూడా. చేరిన రోజు సాయంత్రానికి నడుమే చెబుతుంది.

సురేంద్ర ఉగాది ముందు స్టూలెక్కాడు. దసరా దగ్గర పడుతున్నా దిగలేదు. ధర్మవరంలో వాళ్ళ నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేటప్పుడు వీపుకు వెనక గోడైనా ఉండేది. కొడుకు అమీర్‌పేటలో యూనిక్సు అనే కంప్యూటరు విద్య నేర్చుకుని, హైటెక్ సిటీలో ఉద్యోగమని ఊళ్ళో చెప్పుకుని, గోడ కూడా లేనిచోట కూర్చున్నాడు.

"ఈ శుక్రవారం పని గట్టెక్కిందంటే నీకు కుర్చీ. గట్టెక్కలేదనుకో, మగ్గం యాడికీ పోదు కదబ్బీ" అన్నాడు యజమాని లక్ష్మీనారాయణ. నవ్వుతూనే అన్నాడు. కోపంగా అన్న మాటయితే మరుసటి రోజుకు చల్లారుతుంది. నవ్వుతూ అన్నది అట్లాగే ఉండిపోతుంది.

హైటెక్ సిటీ అని చెప్పుకోవడమే గానీ ఆఫీసు ఉన్నది కొత్తగూడలో, ఒక ఇంటి మేడమీద. డాబా ఎక్కి మునివేళ్ళ మీద నిలబడితే రాళ్ళగుట్టల మధ్య అద్దాల గాదెలాగా గుండ్రంగా హైటెక్ సిటీ కొత్త బిల్డింగు కనిపించేది. కంటికి కనిపించిందల్లా పక్కనే ఉందని చెప్పడం లక్ష్మీనారాయణకు ప్లాట్ల వ్యాపారం నాటి అలవాటు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి, బస్సు పోని చోట్లను బస్టాండుకు దగ్గరని అమ్మిన మనిషి. ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటుంటే తనూ బోర్డు మార్చాడు. గొంతు మాత్రం మార్చలేదు.

కింద ఇంటి ఓనరు బాలనర్సయ్య. ఆ ఊరివాడే. మేడా ముందు వాకిలీ ఆఫీసుకు కిరాయికిచ్చి, పెరడు బర్రెలకు ఉంచుకున్నాడు. వాటిల్లో బుజ్జి అనేది తలపండిన బర్రె. దానికి బీమా చేయించబోతే ఫొటో కాపీలు కావాలన్నారు. ఫొటో తీసినవాడు నెగెటివు పోయిందన్నాడు. స్కానరు అనే యంత్రం ఆ చుట్టుపక్కల లక్ష్మీనారాయణ గదిలోనే ఉంది. ఓనరు అడిగితే కాదనేదెట్లా అని ఆయన బుజ్జిని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కించాడు గానీ ప్రింటర్లో రంగు అయిపోయింది. ఇక అప్పటినుంచి బాలనర్సయ్య రోజూ మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసేవాడు.

"సారూ, మా బుజ్జి ఫొటో అయ్యిందా?"

"రేపు, నర్సయ్యన్నా."

"రేపంటే ఏ రేపు సారూ? పొయిన రేపా, అచ్చే రేపా?"

శుక్రవారం గట్టెక్కాల్సిన పని పెళ్ళిళ్ళది. బాలాత్రిపురసుందరి అని ఒకావిడ మాంగల్యరేఖ అనే సంబంధాల కేంద్రం నడుపుతుంది. మూసాపేటలో పెద్దాఫీసు, బెజవాడలో ఒక బ్రాంచి, కర్నూల్లో ఒకటి. పెళ్ళికొడుకుల ఫొటోలన్నీ ఒక ఫోల్డర్లో ఉంటాయి. దాని పేరు 'వరులు'. బ్రాంచీల నుంచి ఫ్లాపీల మీద వివరాలు వస్తాయి. పేరు, చదువు, ఎత్తు, గోత్రం, చివర్న ఫొటో ఎక్కడుందో చెప్పే దారి. సురేంద్ర రాసిన ప్రోగ్రాం ఆ దారి పట్టుకుని వెళ్ళి ఫొటో తెచ్చి తెరమీద పెట్టాలి. అంతే. అయితే 'వరులు' ఫోల్డరు దాటి వెళ్ళకూడదు. అదొక్కటే షరతు.

ఆ షరతు పెట్టింది ఆవిడే. మొదటిసారి వచ్చినప్పుడు కాఫీ ముట్టకుండా చెప్పింది. "ఫొటోలో ఒక అబ్బాయి ఉంటున్నాడండి. పెళ్ళిచూపులకి ఇంకో అబ్బాయి దిగుతున్నాడు. ఆడపిల్లవాళ్ళు నా మొహం మీదే అడిగేస్తున్నారు. మా ఆఫీసు చూసుకునే మొగిలి ఫ్లాపీలు కలిసిపోతున్నాయంటాడు. ఏం కలిసిపోతున్నాయో ఏమో, మీరే చూడాలండి."

సురేంద్ర శ్రద్ధగానే రాశాడు. దారిలో రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు వెనక్కి పొమ్మని అర్థం. అట్లా వెనక్కి వెనక్కి నడిచి ఎవడైనా ఫోల్డరు దాటి బయటపడొచ్చు. అందుకని రెండు చుక్కలూ, దాని పక్కన మెట్టుకూ మెట్టుకూ మధ్య పెట్టే, ముందుకు వాలిన గీతా కనిపిస్తే చాలు, ఆ దారిని తోసేయమని రాశాడు. తను నేర్చుకున్నది యూనిక్సు. యూనిక్సులో గీత ముందుకే వాలుతుంది. ఆఫీసులో ఉన్న యూనిక్సు మిషను మీద నూటికి నూరుపాళ్ళు పనిచేసింది.

మంగళవారం నాడు లక్ష్మీనారాయణ తన గదిలో, తన విండోస్ మిషను మీద చూపించమన్నాడు. ఆవిడకు చూపించేదీ దానిమీదే. ప్రోగ్రాంలకు పరీక్షలు చేసే భార్గవి కూడా వచ్చి నిలబడింది. మదనపల్లె పిల్ల. నెల కిందటే కుర్చీ వచ్చింది కాబట్టి నిలబడ్డా కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది.

బెజవాడ ఫ్లాపీలో మొదటి పేరు చైతన్య. వివరాలు ముందొచ్చాయి. ఆ కాలపు మిషన్లు కదా, ఫొటో పైనుంచి కిందికి, తెర దించినట్టు మెల్లగా దిగుతోంది. లక్ష్మీనారాయణ వివరాలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"చైతన్య. ఇంజనీరు. బాగుండాది. ఛాయ, చామనఛాయ."

తెర మీద ఆకాశం వచ్చింది. తర్వాత రెండు వంకర గీతలు వచ్చాయి.

"ఏమిది, కిరీటం పెట్టుకున్నాడా? నాటకాలోడా?" అని చదువుతూ పోయాడు. "దురలవాట్లు లేవు. శాకాహారి. ఉమ్మడి కుటుంబంలో..."

చెవి దిగింది. చెవికి బీమా కోసం ముందే కొట్టిన బిళ్ళ వేలాడుతోంది. తర్వాత కళ్ళు వచ్చాయి. ఆ కళ్ళు లక్ష్మీనారాయణను రోజూ పొద్దున పెరట్లోంచి చూసే కళ్ళే.

"...కలిసిపోయే స్వభావం" అని చదివి ఆగిపోయాడు.

భార్గవి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఏమబ్బీ సురేంద్రా, రాసిందాంట్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు. కానీ ఇది ఎనుము."

సురేంద్ర గుమ్మం బయట ఉన్న యూనిక్సు మిషను వైపు వేలు చూపించాడు. "అవతలి మిషన్లో రాలేదు సార్."

"అవతలి మిషను నాకు ఎందుకురా? ఆయమ్మ ముందర ఎనుముకు పెళ్ళిచూపులు చేస్తావా నువ్వు? శుక్రవారం దాకా టైముంది. అప్పటికీ సరి కాకుంటే ఆ స్టూలుకు నిన్ను అంటించి పోతా."

జరిగింది ఇది. బెజవాడ గుమాస్తా చైతన్య ఫొటోను 'వరులు' లోకి చేర్చడం మరిచిపోయాడు. తన మిషన్లో అది ఎక్కడుందో ఆ దారే రాసి పంపాడు. రెండు మెట్లు వెనక్కి పో, అక్కడ స్కానరు ఫోల్డరుంది, అందులో ఒకటో నంబరు బొమ్మ తీసుకో అని. దేశంలో ఏ స్కానరైనా మొదటి బొమ్మకు ఒకటనే పేరు పెడుతుంది. లక్ష్మీనారాయణ మిషన్లోనూ రెండు మెట్లు వెనక్కి పోతే స్కానరు ఫోల్డరే. అందులో ఒకటో నంబరు బుజ్జి.

మరి సురేంద్ర పెట్టిన కావలి ఏమైంది? విండోస్‌లో గీత వెనక్కి వాలుతుంది. గుమాస్తా వెనక్కి వాలిన గీతే రాశాడు. సురేంద్ర కావలి ముందుకు వాలిన గీత కోసం కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. అది రాలేదు కాబట్టి పొమ్మంది. యూనిక్సు మిషనుకు వెనక్కి వాలిన గీత అంటే దారి అనే తెలియదు. అదేదో వింత పేరనుకుని, అట్లాంటి ఫొటో లేదని ఊరుకుంది. ఒక ఇంట్లో మొరగని కుక్క ఇంకో ఇంట్లో కరిచినట్టయింది.

బుధవారం పొద్దున సురేంద్ర ఉక్రోషంతో వచ్చాడు. వెనక్కి వాలిన గీత కనిపిస్తే చాలు తోసేయమని రాసి పడేశాడు. భార్గవి బెజవాడ ఫ్లాపీ వేసి చూసింది. మళ్ళీ వేసి చూసింది. తర్వాత చక్రాల కుర్చీలోనే జరుగుతూ వచ్చి అతని పక్కన ఆగింది.

"సురేంద్రా, బెజవాడలో మగపురుగు మిగల్లేదు."

"అంటే?"

"అంటే అందరినీ తోసేసింది నీ ప్రోగ్రాం. కర్నూలు కూడా ఖాళీ. విండోస్‌లో అన్ని దార్లకూ అదే గీత కదా. మంచోడికీ అదే, చెడ్డోడికీ అదే. నిన్నేమో ఎనుమును రానిచ్చినావు, ఈ రోజు ఇంజనీర్లను ఆపేసినావు. ఆడపిల్లల ఉసురు తగుల్తుంది నీకు."

అతను లేచి బాల్కనీలోకి పోయి కింద వాకిలి చూస్తూ నిలబడ్డాడు.

కింద ఇంకో కావలి నడుస్తోంది. ఆవిడ వస్తుందని లక్ష్మీనారాయణ వాకిట్లో చామంతి కుండీలు వరసగా పెట్టించాడు. ఆ కుండీలు పెట్టిన చోటే ఒకప్పుడు కుడితి తొట్టి ఉండేది. అది బుజ్జి మరిచిపోలేదు. అందుకని వాచ్‌మన్ మునిస్వామికి ఆర్డరు పడింది. ముందుగేటు లోంచి ఎనుము లోపలికి రాకూడదు. మునిస్వామి చిత్తూరు వైపు మనిషి. ఆర్డరంటే ప్రాణం. గేటుకు గొలుసు వేసి, కర్ర అడ్డం పెట్టుకుని, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. రోడ్డు మీద పోతున్న బర్రెలను కూడా అనుమానంగా చూస్తున్నాడు.

అతని వీపు వెనకాల, పది మూరల దూరంలో, బుజ్జి చామంతులు తింటోంది. పెరటి పక్క సందులో గోడ కొంత పడిపోయి ఉంది. అటునుంచి వచ్చింది. తొందరేమీ లేదు దానికి. ఒక కుండీ అయ్యాక తలెత్తి, నమిలి, తర్వాతి కుండీకి వెళ్తోంది.

"మునిస్వామీ!" అని అరిచాడు సురేంద్ర. "వెనక చూడు!"

మునిస్వామి చూశాడు. చూసి మళ్ళీ గేటు గొలుసు చూసుకున్నాడు. గొలుసు వేసినట్టే ఉంది. అతని ముఖంలో తప్పు చేసిన గుర్తు లేదు.

"గేట్లోంచి రాలేదు సార్. నా డూటీ గేటు. గేట్లోంచి పురుగు కూడా పోలేదు. కావాలంటే గొలుసు చూసుకోండి."

ఈలోపు బాలనర్సయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏందే బుజ్జీ, గివి తినేటియా? కడుపు నొస్తదే! సారూ, పూలకు మందు గిట్ల కొట్టిన్రా? మా బర్రెకేమన్న అయితే బీమా కూడ కాలేదు ఇంకా, ఫొటో మీ తాన్నే ఉండె!"

భార్గవి వచ్చి పక్కన నిలబడింది. కిందికి చూసి, సురేంద్ర ముఖం చూసి, "నీ ప్రోగ్రామూ మునిస్వామీ ఒక బళ్ళోనే చదివినట్టుండారే" అంది.

సురేంద్రకు ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగింది. తను నిన్న ముందుగేటు చూశాడు. ఇవాళ సందు కూడా మూశాడు. రేపు ఇంకో చోట గోడ పడుతుంది. దారి ఎట్లా ఉందో చూసి లాభం లేదు. నడవనివ్వాలి. చివరిదాకా నడిచి, కాళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడ చూడాలి. అది మన వాకిలైతే ఫొటో తీసుకో. కాకపోతే ఏ దారిన వచ్చినా సరే, బయటికి పో.

ఆ పొద్దంతా కూర్చుని ముందు రాసిందంతా కొట్టేశాడు. ఇప్పుడు ప్రోగ్రాం ఏ ఫ్లాపీ వచ్చినా దార్లోని గీతలన్నిటినీ మొదట ఒక వైపుకు వాలుస్తుంది. ఆ తర్వాత ఒక్కో మెట్టూ నిజంగా నడుస్తుంది. రెండు చుక్కలుంటే నిజంగా వెనక్కి వస్తుంది. అడ్డదారి ఉంటే అది ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోతుంది. విండోస్‌కు పెద్దక్షరం చిన్నక్షరం ఒకటే, యూనిక్సుకు రెండూ వేరువేరు మనుషులు. ఆ తేడా కూడా చూసుకుంటుంది. అంతా నడిచి ఆగాక, ఆగిన చోటు పేరు 'వరులు'తో మొదలైతే లోపలికి, లేకుంటే బయటికి.

"మొదలైతేనా?" అంది భార్గవి. ఆమెకు అన్నం తినేటప్పుడు కూడా తప్పులే కనిపిస్తాయి. "మొన్న మన మానిటరు ఏమైంది, గుర్తుందా?"

గుర్తుంది. కొత్తగూడ అని రాసిన పెట్టెను లారీ ఆఫీసువాడు మొదటి మూడక్షరాలు చూసి కొత్తగూడెం బండికెక్కించాడు. మానిటరు ఖమ్మం జిల్లా చూసి, బొగ్గు గనుల గాలి పీల్చి, వారం తర్వాత తిరిగొచ్చింది.

"మాంగల్యరేఖ వాళ్ళిచ్చిన సీడీలో 'వరులు' అని ఒక ఫోల్డరుంది. 'వరులు పాతవి' అని ఇంకోటుంది. పెళ్ళయిపోయినోళ్ళంతా అందులో ఉండారు. రెండూ 'వరులు'తోనే మొదలవుతాయి. అట్లా వదిలేసినావంటే పెళ్ళయినోడికి మళ్ళీ పెళ్ళి చేస్తావు."

సురేంద్ర తల గోక్కున్నాడు. పేరు మొదలు చూసి ఊరుకోకుండా, ఆ పేరు ఎక్కడ అయిపోయి గీత వస్తుందో అక్కడిదాకా చూడమని రాశాడు. తర్వాత ఎనుమును పంపాడు. తెర మీద ఫొటోకు బదులు ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చాయి. ఈ ఫొటో వరుల ఫోల్డర్లోది కాదు. ఇది ఉన్నది ఫలానా చోట. భార్గవి ఎన్ని రకాలుగా పంపినా అదే మాట. బెజవాడ మగవాళ్ళంతా తిరిగొచ్చారు, చైతన్య తప్ప. అతని ఫొటో రాలేదు కాబట్టి రాలేదనే చెప్పింది.

గురువారం లక్ష్మీనారాయణ చూశాడు. ఎనుము రాకపోయేసరికి సంతోషించాడు. ఆ రెండు ముక్కలు చదివేసరికి ముఖం ముడుచుకుపోయింది.

"ఇదేంది, కాదు అంటాండాది?"

"కాదు కాబట్టి సార్."

"ఒరే అబ్బీ, ఇన్నేండ్లు ప్లాట్లు అమ్మినా. ప్లాటు లేదనే మాట నా నోట్లోంచి ఒక్కసారి రాలేదు. లేకుంటే ఇంకోటి చూపిస్తాం. ఇది పెళ్ళిళ్ళ యవ్వారం. శుభమా అని ఆయమ్మొచ్చి కూర్చుంటే, మిషను మొగం మీద కాదు అంటాదా? తీసెయ్. ఫొటో దొరక్కపోతే ఏదో ఒక మంచి పిల్లోడి ఫొటో పెట్టు. ఎవురు చూస్తారు? చూపుల దాకా పోతే వాళ్ళే సర్దుకుంటారు."

"సార్, చూపులకు పోయినాక..."

"కుర్చీ కావాల్నా వద్దా?"

సురేంద్ర ఊ అన్నాడు. ఊ అంటే విన్నానని. సరేనని కాదు. ఈ తేడా లక్ష్మీనారాయణకు తెలియదు.

స్టూలు మీద కూర్చుని ఆ రెండు ముక్కల వైపు చూశాడు. తీసేయడానికి ఒక్క నిమిషం పని. వాళ్ళ నాయన నేసేటప్పుడు పోగు తెగితే అతుకుపెట్టి ముడి వేసేవాడు. ముడి కనపడకుండా దాచమని సేటు అడిగితే, దాచితే చీర కట్టుకున్నాక చిరుగుతుంది, అప్పుడు తిట్టేది నన్నే, అనేవాడు. చీర అమ్ముడుపోయిన రోజులు తక్కువే. తిట్లు తిన్న రోజులూ తక్కువే. సురేంద్ర కీబోర్డు మీద చేతులు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఆఖరికి మిషను ఆపి ఇంటికి పోయాడు. ఆ ముక్కలు ఉన్నచోటే ఉన్నాయి.

శుక్రవారం ఆవిడ రాహుకాలం ముందే రావాలి. రాలేదు. రాహుకాలం మొదలయ్యాక వచ్చింది. లక్ష్మీనారాయణ చేతులు నలుపుకుంటూ, కొంచెం ఆగి మొదలుపెడదామన్నాడు.

"రాహుకాలంలో తాళి కట్టించకూడదు గానీ ఫొటోలు చూడ్డానికి ఏమైందండీ? కానివ్వండి" అంటూ ఆవిడ మెట్లెక్కింది. వాకిట్లో కుండీలు చూసి, "ఈ మొక్కలకి పూలెక్కడివక్కడ కోసేశారేంటండీ? గేదె గానీ మేసిందా?" అంది. లక్ష్మీనారాయణ దగ్గొచ్చినట్టు దగ్గాడు.

ఆవిడ వెనకాల మొగిలి వచ్చాడు. నుదుట బొట్టు, చంకలో ఫ్లాపీల డబ్బా, ముఖమంతా నవ్వు. ఎవరు ఏమడిగినా అయిపోతదమ్మా అనే మనిషి. సంబంధాలు కుదిర్చేవాళ్ళలో కాదు అనేవాడు ఎక్కడా ఉండడు. కుదరకపోతే జాతకం మీద తోస్తారు. ఆవిడ కూర్చుంది. మొగిలి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. లక్ష్మీనారాయణ సురేంద్రకు కళ్ళతోనే, తీసేశావు కదా అన్నాడు. సురేంద్ర తెరవైపు చూశాడు.

కర్నూలు ఫ్లాపీ వేశారు. అబ్బాయిలు ఒకరి తర్వాత ఒకరు దిగారు. మీసాలవాళ్ళు, టైలు కట్టినవాళ్ళు, స్టూడియో తెర ముందు చెయ్యి గడ్డం కింద పెట్టుకున్నవాళ్ళు. ఆవిడ తలూపుతోంది. లక్ష్మీనారాయణ ముఖం విచ్చుకుంది.

"మా మూసాపేట ఫ్లాపీ వెయ్యండి. ఈ వారానిది. మొగిలే చేశాడు" అంది ఆవిడ.

"అది పాతదమ్మా" అన్నాడు మొగిలి. "కొత్తది సోమవారం తెస్త. గిదెందుకు ఇప్పుడు."

"ఈ పొద్దున్నే కదయ్యా డబ్బాలో పెట్టావు? వెయ్యి బాబూ."

సురేంద్ర వేశాడు. వేణు అనే అబ్బాయి వివరాలు వచ్చాయి. సొంతిల్లు, ప్రభుత్వోద్యోగం. అందరూ తెర వైపు వంగారు. ఫొటో దిగాల్సిన చోట ఆ రెండు ముక్కలు వచ్చాయి.

లక్ష్మీనారాయణ మెడ మీద నరాలు లేచాయి. "మేడమ్, ఇది చిన్న పొరపాటు. మావాడు కొత్త. స్టూలు మీద ఉండాడు చూడండి, ఇంకా ప్రొబేషనే. ఇప్పుడే మంచి ఫొటో పెట్టిస్తా. ఒరే సురేంద్రా!"

సురేంద్ర లేచి నిలబడ్డాడు. లేవగానే స్టూలు వెనక్కి పడింది. ఆ చప్పుడుకు అందరూ అతని వైపు చూశారు.

"పొరపాటు కాదు మేడమ్" అన్నాడు. మాట తడబడింది గానీ ఆగలేదు. "ఆ దారి చివరిదాకా పోతే ఆగేది వరుల ఫోల్డర్లో కాదు. అందుకే రానీలేదు. ఎక్కడ ఆగిందో కింద రాసినాది. చూడండి."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. అక్కడ 'వరులు పాతవి' అని ఉంది. దాని పక్కన ఫొటో పేరుంది. అది వేణు పేరు కాదు.

"వీరేశం" అని చదివి మెల్లగా వెనక్కి తిరిగింది. "మొగిలీ, ఈ వీరేశం మనం పోయినేడు పెళ్ళి చేసిన కుర్రాడు కాదూ? మొన్న బారసాలకి నా బదులు నువ్వే కదా వెళ్ళింది?"

మొగిలి నవ్వు అట్లాగే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు. "అమ్మా, అసలు పిలగాడు మంచోడేనమ్మా. జర ఫొటోల సరిగ పడడు. మొఖం గిట్ల అడ్డం పడ్తది. వీరేశం ఏమో మంచిగుంటడు. ఫొటో జూసి పిల్లోళ్ళు ఒక్కసారి వస్తరు గదా, వచ్చినంక మనిషిని జూస్తరు, మాటలు నడుస్తయని..."

"ఎంతమందికి పెట్టావయ్యా వీరేశాన్ని?"

మొగిలి పైకప్పు వైపు చూశాడు.

"ఫ్లాపీలు కలిసిపోతున్నాయన్నావు నాతో."

"నేను పెట్టుడైతే చాన తక్కువమ్మా" అన్నాడు మొగిలి. "ఊళ్ళె అందరు అడిగేది వీరేశాన్నేనాయె."

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత లక్ష్మీనారాయణ వైపు తిరిగింది. ఆయన అప్పటికే చేతులు జోడించి ఉన్నాడు.

"ఈ మాట తీయించేస్తా మేడమ్. ఇంకెప్పుడూ కాదు అనదు."

"తీయకండి!" అంది ఆవిడ గట్టిగా. "ఇన్నేళ్ళుగా సంబంధాలు చూస్తున్నానండి. నా ఆఫీసులో కుదరదు అని చెప్పినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు. మొదటిసారి ఈ మిషనే చెప్పింది. ఇది తీసేస్తే నాకు మొగిలి చాలు కదండీ, మీరెందుకు?"

ఒప్పందం మీద రాహుకాలంలో సంతకం చేయనంది. అందుకని రాహుకాలం పోయేదాకా కూర్చుని, ఈసారి కాఫీ తాగి, అప్పుడు చేసింది. మొగిలి అంతసేపూ గుమ్మం బయట నిలబడి, ఎవరి జాతకం మీద తోయాలా అని చూశాడు. దొరకలేదు.

కారు పోయాక లక్ష్మీనారాయణ తన గదిలో కూర్చుని సురేంద్రను పిలిచాడు.

"నేను తీసెయ్‌మన్నా కదా?"

"అన్నారు సార్."

"నువ్వు ఊ అంటివి."

"అంటి సార్."

లక్ష్మీనారాయణ పేపర్‌వెయిట్‌ను రెండుసార్లు తిప్పాడు. మూడోసారి తిప్పబోయి ఆపాడు. "ఇంగమీదట నీ ఊ కి అర్థమేందో ముందే చెప్పు" అన్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. "మునిస్వామీ! కింద గదిలో కొత్త కుర్చీ ఉంది కదా, పైకి తీసకరా. ఏ గేట్లోంచైనా సరే!"

కుర్చీ వచ్చింది. ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. మునిస్వామి దాన్ని సురేంద్ర టేబులు ముందు నిలబెట్టి, చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసి, తనే ఒకసారి నవ్వుకుని పోయాడు. భార్గవి తన కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది, దీనికి చోటిస్తున్నట్టు. సురేంద్ర చేతులు ప్యాంటుకు తుడుచుకుని కూర్చోబోయాడు.

తలుపు దగ్గర చెప్పుల చప్పుడయింది.

"సారూ, మా బుజ్జి ఫొటో?"

ప్రింటరుకు కొత్త రంగు ఆ పొద్దునే వచ్చింది, ఆవిడకు చూపించడానికని. ఇక రేపు అనడానికి వీల్లేదు. సురేంద్ర వెనక్కి తిరిగి లక్ష్మీనారాయణ గదిలోకి వెళ్ళి స్కానరు ఫోల్డర్లోకి, ఈసారి సరైన దారినే వెళ్ళి, బుజ్జిని బయటికి తీశాడు. కాపీలు పట్టుకుని వచ్చేసరికి బాలనర్సయ్య కొత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూర్చోగానే అది వెనక్కి జారి గోడకు తగిలి ఆగింది. ఆయన రెండు చేతులతో టేబులు అంచు పట్టుకుని, "ఇదేంది సారూ, గిది కూడ బర్రె లెక్కనే ఉన్నది, పట్టుకోకుంటే పోతది" అన్నాడు.

తర్వాత ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "మంచిగ పడ్డదే" అన్నాడు ఫొటోతోనే. లేచేట్టు కనిపించలేదు.

సురేంద్ర పాత స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.